నిద్రలో పోయిన బిడ్డకు ఎవరి పాపం?

ధర్మపురి లక్ష్మీనరసింహస్వామి ఆలయ ప్రాంగణంలో యమధర్మరాజుకు గుడి ఉంది. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డునున్న ఈ క్షేత్రానికి వచ్చినవాళ్లు నదిలో స్నానం చేసి, నరసింహస్వామిని దర్శించుకుని, యముడి దగ్గర వెలిగే గండదీపంలో నూనె పోస్తారు. ధర్మపురికి వచ్చినవారికి యమపురి ఉండదని ఇక్కడి నానుడి. నూనె పోసేవాళ్లలో చంకన పసిబిడ్డతో వచ్చిన తల్లులూ ఉంటారు. పుట్టక పుట్టక పుట్టిన బిడ్డైతే అంతకుముందే వేములవాడ రాజన్నకు కోడెను కట్టి మొక్కు చెల్లించి ఉంటారు. పిల్లల కోసం ఇంతగా దేవుళ్లను పట్టుకుని వేలాడే నేల ఇది.

ఆ నేల మీదే, మిగతా లోకంలో లాగే, ఒక చావు అంతుపట్టకుండా వస్తుంది. రాత్రి పాలు తాగి పడుకున్న మూడు నెలల పిల్లవాడు తెల్లారి లేవడు. జ్వరం లేదు, దగ్గు లేదు, ఏడుపు వినపడలేదు. ఇంటిల్లిపాదీ పక్కనే ఉన్నారు. పొద్దెక్కేలోగా కారణాలు పుట్టుకొస్తాయి. పాలు అడ్డం పడ్డయి అంటారు ఒకరు. గాలి సోకింది అంటారు ఇంకొకరు. రుణం తీరింది, పోయిండు అని ఓ పెద్దమనిషి ఓదారుస్తాడు. చివరికి గొంతు తగ్గించి, అయినా తల్లి చెవిన పడేలా, ఎవరో ఒక మాట అంటారు: ఎవరి పాపం తగిలిందో ఏమో.

ఆ మాట ఒక్కరి నోట ఊరికే పుట్టింది కాదు. బాలారిష్టాల గురించి చెప్పే జ్యోతిషంలో ఒక లెక్క ఉంది. మొదటి నాలుగేళ్లలో బిడ్డ పోతే తల్లి పాపం, తర్వాతి నాలుగేళ్లలో పోతే తండ్రి పాపం, ఆపైన పోతే ఆ బిడ్డ సొంత పాపం అని. పంచాంగం ముఖం చూడని ఇళ్లలో కూడా ఈ లెక్క సామెతలా తిరుగుతూ ఉంటుంది. పురుడు వెళ్లి నాలుగు నెలలు కాని ఆడమనిషి నెత్తిన ఇది పడితే ఎంత బరువో వేరే చెప్పనక్కర్లేదు. బిడ్డ పోయిన దుఃఖం ఒకటి, బిడ్డను పోగొట్టుకున్న దోషం ఇంకొకటి. మొదటిది ఎవరూ తప్పించలేనిది. రెండోది మనుషులు పెట్టినది. పెట్టినవాళ్లే తీసేయవచ్చు కూడా.

శాస్త్రం పేరుతో చెప్పినదంతా ఒకే గొంతుతో మాట్లాడదు. మహాభారతం ఆనుశాసనిక పర్వం మొదట్లోనే గౌతమి కథ వస్తుంది. తిక్కన తెనిగించిన పర్వాల్లో ఇదొకటి. గౌతమి అనే ముసలి తల్లి కొడుకును పాము కరిచి చంపుతుంది. అర్జునకుడనే బోయ ఆ పామును తాడుతో కట్టి తెచ్చి, దీన్ని ఎలా చంపమంటావు, నిప్పుల్లో వేయనా, ముక్కలు చేయనా అని అడుగుతాడు. పాము చస్తే నా బిడ్డ బతుకుతాడా, వదిలెయ్ అంటుందామె. బోయ వదలడు. పాము నోరు విప్పి, నేను నా అంతట కరవలేదు, మృత్యువు పంపితే వచ్చాను అంటుంది. మృత్యువు వచ్చి, నన్ను కాలం నడిపించింది అంటుంది. కాలుడు వచ్చి, మేమెవరమూ కాదు, ఆ పిల్లవాడి కర్మే కారణం అంటాడు. అప్పుడు గౌతమి తన కర్మ కూడా ఇందులో ఉందని ఒప్పుకుని, బోయ చేత పామును విడిపిస్తుంది.

కర్మ సిద్ధాంతానికి ఉదాహరణగా ఈ కథను చాలామంది చెబుతారు. కానీ ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. బోయ, పాము, మృత్యువు, కాలుడు, ఇంతమంది వాదించుకుంటారు గానీ ఒక్కరు కూడా తల్లి వైపు వేలు చూపించరు. నీ పాపం వల్లే పోయాడని ఆమెతో ఎవరూ అనరు. ఆమె కర్మ మాట ఎత్తింది పామును బతికించడానికి. పైగా ఈ కథ ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడాలి. అంపశయ్య మీద ఉన్న తాతను చూసి, ఇదంతా నా వల్లే అని కుమిలిపోతున్న ధర్మరాజుకు భీష్ముడు చెబుతున్నాడు. అపరాధం మోస్తున్న మనిషి భుజం మీది బరువు దించడానికి పుట్టిన కథ ఇది. దాన్నే తీసుకుని ఒక బాలింత నెత్తిన బరువు పెడితే కథను తలకిందులు చేసినట్టే.

ఇదే ప్రశ్న మిగతా మతాల వాళ్లకూ ఎదురైంది. యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు ఏసును అడుగుతారు: ఇతను ఇలా పుట్టడానికి పాపం చేసింది ఎవరు, ఇతనా, ఇతని తల్లిదండ్రులా? ఇద్దరూ కాదన్నది ఆయన జవాబు. మహమ్మద్ ప్రవక్త కొడుకు ఇబ్రహీం రెండేళ్లయినా నిండకుండా పోయాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ చావుకు సూర్యుడే చీకటైపోయాడని జనం అనుకున్నారు. ఎవరి చావు కోసమూ, ఎవరి పుట్టుక కోసమూ గ్రహణాలు పట్టవని ప్రవక్త వాళ్లకు చెప్పినట్టు హదీసులు చెబుతున్నాయి. బిడ్డను చేతుల్లో పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్న తండ్రే ఆ మాట అన్నాడు. దుఃఖాన్ని దాచుకోలేదు. దుఃఖం కోసం ఆకాశంలో లేని కారణాన్ని ఒప్పుకోనూ లేదు. జగిత్యాలలోనో కోరుట్లలోనో ఏ మతం ఇంట్లోనైనా గుర్తు తెచ్చుకోదగిన సంగతి ఇది.

ఇక వైద్యం ఏమంటుందో చూడాలి. ఏడాది లోపు బిడ్డ నిద్రలో హఠాత్తుగా చనిపోయి, పోస్టుమార్టం చేసి, బిడ్డ పడుకున్న చోటు పరిశీలించి, ఆరోగ్య చరిత్ర అంతా తిరగేసినా కారణం దొరకకపోతే దాన్ని సడెన్ ఇన్‌ఫాంట్ డెత్ సిండ్రోమ్, పొట్టిగా సిడ్స్ అంటారు. 1969లో అమెరికాలోని సియాటిల్‌లో జరిగిన సమావేశంలో ఈ పేరు స్థిరపడింది. ఈ మరణాల్లో దాదాపు తొంభై శాతం ఆరు నెలల్లోపే జరుగుతాయి. రెండు నుంచి నాలుగు నెలల మధ్య మరీ ఎక్కువ. మన దగ్గర ఇంట్లో పోయిన పసిబిడ్డకు పోస్టుమార్టం జరిగేది అరుదు. చాలాచోట్ల సాయంత్రంలోగా పూడ్చేస్తారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 26 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోతున్నారు. నెలలు నిండకపోవడం, బరువు తక్కువ, న్యుమోనియా లాంటి కారణాలే అందులో పెద్దవి. నిద్రలో పోయిన బిడ్డలకు మాత్రం ఆ లెక్కలో విడిగా గడి లేదు. గడి లేనిచోట గాలి, దిష్టి, పాపం వచ్చి కూర్చుంటాయి.

1994లో ఫిలియానో, హన్నా కిన్నీ అనే ఇద్దరు వైద్యులు ఈ చావుకు మూడు సంగతులు ఒకేసారి కలవాలని ప్రతిపాదించారు. ఒకటి, పైకి ఆరోగ్యంగా కనిపించినా లోపల బలహీనత ఉన్న బిడ్డ. మెదడు కింది భాగంలో, ఊపిరి ఆడనప్పుడు నిద్ర లేపే ఏర్పాటు కొందరు పిల్లల్లో సరిగా పనిచేయదు. రెండు, ఎదుగుదలలో వచ్చే సున్నితమైన వయసు, అంటే మొదటి ఆరు నెలలు. మూడు, బయటి ఒత్తిడి. బోర్లా పడుకోవడం, మెత్తటి పరుపు, ఎక్కువ వేడి, పొగ లాంటివి. గౌతమి కథలో లాగే ఇక్కడా కారణాలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. మొదటి రెండూ మనిషి చేతిలో లేవు, ఏ బిడ్డలో ఆ బలహీనత ఉందో చెప్పే పరీక్ష కూడా లేదు. మూడోది మాత్రం చాలావరకు మంచం మీదే, కళ్లెదుటే ఉంది.

దాని పని ఎలా ఉంటుందంటే, మెత్తటి బొంత మీద బోర్లా పడుకున్న మూడు నెలల బిడ్డ ముఖం బట్టలో కూరుకుపోతుంది. విడిచిన గాలి ఆ మడతల్లోనే నిలిచిపోయి, మళ్లీ అదే లోపలికి పోతుంది. ఆక్సిజన్ తగ్గుతుంది, బొగ్గుపులుసు గాలి పెరుగుతుంది. మామూలు బిడ్డ అయితే కదిలి, తల తిప్పి, ఏడుస్తాడు. లోపల ఆ ఏర్పాటు బలహీనంగా ఉన్న బిడ్డ లేవడు. అందుకే ఏడుపు వినపడదు. పక్కనే పడుకున్న తల్లికి తెలియకపోవడంలో ఆమె నిర్లక్ష్యం ఏమీ లేదు, తెలియడానికి చప్పుడే ఉండదు.

పాశ్చాత్య దేశాల్లో ఈ సంగతి తెలుసుకోవడానికి పెద్ద మూల్యమే చెల్లించారు. పిల్లల పెంపకం మీద డాక్టర్ బెంజమిన్ స్పాక్ రాసిన పుస్తకం ఇరవయ్యో శతాబ్దంలో అక్కడి ఇంటింటా ఉండేది. వెల్లకిల పడుకుంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయని, బోర్లా పడుకోబెట్టడం మంచిదని 1950ల చివర నుంచి ఆ పుస్తకం చెప్పింది. ఆస్పత్రులు, నర్సులు అదే చెప్పారు. తల్లులు అలాగే చేశారు. నెదర్లాండ్స్, న్యూజీలాండ్, బ్రిటన్ పరిశోధకులు 1980ల చివర లెక్కలు తీశాక గానీ ఘోరం అర్థం కాలేదు. 1991లో బ్రిటన్, 1994లో అమెరికా పిల్లల్ని వెల్లకిల పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాయి. కొన్నేళ్లలోనే ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. బిడ్డను తిప్పి పడుకోబెట్టారు, అంతే. పాత ఆధారాలను ముందే జాగ్రత్తగా చూసి ఉంటే 1970 నాటికే ఈ విషయం తేలేదని, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాల్లో కనీసం యాభై వేల మంది బిడ్డలు బతికేవాళ్లని 2005లో ఒక సమీక్ష అంచనా కట్టింది.

ఆ యాభై వేల మంది తల్లుల్లో ఎవరిది పాపం? డాక్టరు చెప్పినట్టు, పుస్తకంలో ఉన్నట్టు, ప్రేమగా చేశారు. కారణంలో వాళ్ల చెయ్యి ఉంది, దోషంలో లేదు. పాపం అనే మాట ఈ రెండింటినీ కలిపేస్తుంది కనుకే ఇక్కడ అది పనికిరాదు. కారణాన్ని వెతకాలి, దాన్ని దాచకూడదు. కానీ అది దొరికాక వాడుకోవలసింది రేపు పుట్టే బిడ్డ కోసం, నిన్న పోయిన బిడ్డ తల్లిని నిలదీయడం కోసం కాదు.

మన ఇళ్ల దగ్గరికి వస్తే, న్యాయంగా ముందు మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి. ఇక్కడి అమ్మమ్మలు చంటిపిల్లల్ని ఎక్కువగా వెల్లకిలే పడుకోబెడతారు. తల్లి పాలు పట్టిస్తారు, అవి ఈ మరణాలను తగ్గిస్తాయని రుజువైంది. బిడ్డను వేరే గదిలో ఒంటరిగా వదలరు, అదీ మంచిదే. బ్రిటన్‌లో స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాల్లో ఈ మరణాలు అక్కడి తెల్లవాళ్ల కుటుంబాల్లో కంటే తక్కువని పరిశోధనలు చెప్పాయి. ఆ ఇళ్లలో తల్లులు పొగ తాగకపోవడం ఒక కారణం.

సమస్య మంచం మీద పేర్చే ప్రేమతో వస్తుంది. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు. కింద నాలుగు పాత చీరలు కలిపి కుట్టిన మెత్తటి బొంత. ఉత్తర తెలంగాణ చలికి భయపడి చెవుల మీదికి కుల్ల, ఒంటికి స్వెట్టరు, పైన దుప్పటి, గదిలో సాంబ్రాణి పొగ. బిడ్డ తల ద్వారానే ఎక్కువ వేడి పోగొట్టుకుంటుంది. నిద్రలో తల కప్పేస్తే ఆ దారి మూసుకుపోతుంది. చీరతో కట్టిన తొట్లెలో పడుకోబెడితే ఒళ్లు వంగి గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది, సన్నటి గొట్టంలాంటి గొంతు అక్కడ మడత పడుతుంది. అమెరికాలో ఏటవాలుగా ఉండే ఒక ప్రసిద్ధ కంపెనీ పిల్లల ఊయలలను, వాటిలో ముప్పై మందికి పైగా బిడ్డలు చనిపోయారని తేలాక, 2019లో సుమారు 47 లక్షలు వెనక్కి తీసుకున్నారు. 2022లో అలాంటి ఏటవాలు పడకలను అక్కడ చట్టంతోనే నిషేధించారు. తొట్లెలో ఊపి నిద్రపుచ్చడం తప్పు కాదు. ఎదురుగా మనిషి ఉండాలి, నిద్రపోయాక తీసి చదునుగా, గట్టిగా ఉన్న పడక మీద వెల్లకిల వేయాలి. మంచం మీద దిండు, బొంత, బొమ్మలు ఏవీ ఉండకూడదు.

వెల్లకిల పడుకుంటే పాలు అడ్డం పడతాయన్న భయానికి శరీర నిర్మాణమే జవాబు చెబుతుంది. వెల్లకిల ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. కక్కిన పాలు ఎదురెక్కి గాలిగొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా తిప్పితే ఆ వరుస తారుమారవుతుంది. పోయిన బిడ్డ ముక్కు దగ్గర కనిపించే నురగను చూసే జనం పాలు అడ్డం పడ్డాయనుకుంటారు. ఈ మరణాల్లో ఆ నురగ మామూలుగా కనిపించేదే.

పొగ సంగతి ఈ ప్రాంతంలో గట్టిగా చెప్పాలి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల ఆడవాళ్లు ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టి ఇల్లు గడుపుతున్నారు. ఆ బీడీ ఇంట్లో మగవాళ్లు వెలిగిస్తే గదిలో బిడ్డకు ప్రమాదం పెరుగుతుంది, గర్భిణిగా ఉన్నప్పుడు పీల్చినా పెరుగుతుంది. ఇది సిడ్స్ పరిశోధనలో పదేపదే రుజువైన విషయం. కల్లు తాగిన రాత్రి బిడ్డ పక్కన పడుకోవడం అంతకంటే ప్రమాదం. కల్తీ కల్లులో అల్ప్రాజోలం లాంటి నిద్రమందులు కలుపుతారని ఎక్సైజ్ కేసుల్లో ఏళ్ల తరబడి బయటపడుతూనే ఉంది. ఆ మత్తులో ఉన్న మనిషి చెయ్యి బిడ్డ మీద పడితే ఇద్దరికీ తెలియదు. బైబిల్లో సొలొమోను తీర్పు కథ మొదలయ్యేదే నిద్రలో తల్లి మీద పడి బిడ్డ పోవడంతో. అంటే ఈ భయం మనుషులకు కొన్ని వేల ఏళ్లుగా ఉంది.

తల్లిని నిలదీస్తే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. శాలీ క్లార్క్ అనే న్యాయవాది ఇద్దరు కొడుకులు, ఒకరు 1996లో, ఒకరు 1998లో, నెలల పసికందులుగా హఠాత్తుగా పోయారు. ఒకే ఇంట్లో రెండు సిడ్స్ మరణాలు జరిగే అవకాశం ఏడు కోట్ల ముప్పై లక్షల్లో ఒకటని ఒక పేరున్న వైద్యుడు కోర్టులో చెప్పాడు. బిడ్డల్ని ఆమే చంపిందని 1999లో ఆమెకు యావజ్జీవం పడింది. ఆ లెక్కే తప్పని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ బహిరంగంగా చెప్పింది. ఒక ఇంట్లోని బిడ్డలకు ఒకే బలహీనత ఉండవచ్చు కదా. 2003లో ఆమె నిర్దోషిగా బయటికి వచ్చింది, నాలుగేళ్లకే చనిపోయింది. ఆస్ట్రేలియాలో కేథలీన్ ఫోల్బిగ్ నలుగురు బిడ్డల మరణాల కేసులో ఇరవై ఏళ్లు జైల్లో గడిపాక, జన్యు పరిశోధన పెట్టిన అనుమానాల వల్ల 2023లో విడుదలైంది. అక్కడ పాపం అనలేదు, నేరం అన్నారు. తల్లిని చూసిన చూపు మాత్రం ఒక్కటే. మన దగ్గర కోర్టు దాకా పోదు. చనిపోయిన బిడ్డ ఒంటి మీద నెత్తురు కిందికి దిగి ఏర్పడే నల్లటి మచ్చలను దెబ్బలనుకుని, అత్తింటివారు కోడలిని చూసే చూపులోనే విచారణ అయిపోతుంది. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న తండ్రికి ఆ విచారణ ఫలితమే ఫోన్‌లో చేరుతుంది.

కారణం వెతకడం మానేస్తే ఇంకో నష్టం ఉంది. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలోని ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసిపిల్లలు కొందరు తీవ్ర అస్వస్థతకు గురయ్యారు, కొందరు చనిపోయారు. జ్వరానికి ఇవ్వాల్సిన పారాసెటమాల్ బదులు ట్రమడాల్ మాత్రలు ఇచ్చారని విచారణలో బయటపడింది. రాత అని సరిపెట్టుకుని ఉంటే ఆ మాత్రలు ఇంకెందరి చేతికి వెళ్లేవో. టీకాలదే తప్పనుకుని ఉంటే ఇంకో నష్టం. సిడ్స్ ఎక్కువగా వచ్చే వయసులోనే టీకాలు పడతాయి కనుక ఆ అనుమానం తేలిగ్గా పుడుతుంది. టీకాలు ఆ ప్రమాదాన్ని పెంచవని పరిశోధనలు స్పష్టంగానే చెప్పాయి.

ధర్మశాస్త్రం ప్రకారం రెండేళ్లు నిండని బిడ్డను దహనం చేయరు, పూడుస్తారు, తర్పణాలు ఉండవు. ఆ బిడ్డ పవిత్రుడు, కాల్చవలసిన కర్మ ఏదీ లేదని దీనికి చెప్పే అర్థం. ఆ అర్థం చల్లనిదే. కానీ పది రోజుల కర్మ లేనిచోట తల్లి ఏడవడానికి గడువూ ఉండదు, చోటూ ఉండదు. చిన్నదానివే, మళ్లీ పుడతరు అని వారంలోగా చెప్పేస్తారు. ముస్లింల ఇంట్లో పసిబిడ్డకూ జనాజా నమాజు ఉంది, పోయిన బిడ్డ తల్లిదండ్రుల కోసం దేవుడి దగ్గర నిలబడతాడన్న నమ్మకం ఉంది. బిడ్డకు కర్మ లేదని ఒప్పుకున్న సంప్రదాయం, ఆ చావుకు తల్లి కర్మను లెక్కగట్టడం మానేయడానికీ దారి చూపగలదు. ఆ సంగతి పురోహితుడు ఒక్కసారి ఇంటి పెద్దల ఎదుట పైకి చెబితే, పది మంది డాక్టర్లు చెప్పినదానికంటే ఎక్కువగా నిలబడుతుంది.

కారణం దొరికితే నమ్మకం పోతుందని భయపడాల్సిన పనేమీ లేదు. ఒకప్పుడు మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవారు. మన దేశంలో ఆ జబ్బు చివరిసారి కనిపించింది 1975లో. టీకా దాన్ని తుడిచేసింది. పోచమ్మకు బోనాలు మాత్రం ఆగలేదు, పిల్లలు చల్లగా ఉండాలని తల్లులు ఇప్పటికీ బోనం ఎత్తుతూనే ఉన్నారు.

ఆచరణలో ఒక ఖాళీ మాత్రం కనిపిస్తుంది. ఆస్పత్రి కాన్పు అయిన ఇంటికి ఆశా కార్యకర్త మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు రావాలన్నది నియమం. ఆ తర్వాతి ఇంటి సందర్శన మూడో నెలలో. సరిగ్గా ప్రమాదం పెరిగే రోజులు ఈ మధ్యలోనే ఉన్నాయి. అయితే ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకా కోసం తల్లి బిడ్డనెత్తుకుని తనంతట తానే ఏఎన్ఎం దగ్గరికి వస్తుంది, చాలాసార్లు అత్తనో అమ్మనో వెంటబెట్టుకుని. సూది వేసి, జ్వరం మందు ఇచ్చి, కార్డు మీద తేదీ రాసే ఆ రెండు నిమిషాల్లోనే రాత్రి బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, దిండు ఉందా, ఇంట్లో బీడీ తాగేదెవరు అని అడగవచ్చు. పక్కనున్న అత్తకు కూడా వినపడేలా అడిగితే, ఇంటికెళ్లాక ఆవాల దిండు ఎవరు తీసేశారన్న గొడవ కోడలి మీద పడకుండా ఉంటుంది.